అభ్యర్థి మిలిటరీ రికార్డు తెప్పించడం ఎలా? సంతకం దగ్గరే ఆగిపోతోంది

డాలస్ ఓటరు:
మూడు గంటలుగా ఇదే పని. మా కౌంటీలో పోటీ చేస్తున్న పెద్దాయన కరపత్రం నిండా 'వియత్నాం వెటరన్' అని వేసుకున్నాడు. నేషనల్ ఆర్కైవ్స్ సైటులో డీడీ-214 (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సేవా పత్రం) అడిగితే ప్రతిసారీ ఆయన సంతకం కావాలంటోంది. ప్రచార ఆఫీసును అడిగితే ఫైలు సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం అగ్నిప్రమాదంలో కాలిపోయిందట. దారి ఉందా లేదా?

సంజీవ్:
ఏ దళం? ఏ ఏడాది బయటికొచ్చాడు?

రమణమూర్తి:
దొరికినా శిక్ష పడుతుందనుకోకండి. సైనిక పతకాల గురించి అబద్ధమాడటాన్ని నేరం చేసిన 2005 నాటి స్టోలెన్ వాలర్ చట్టాన్ని సుప్రీంకోర్టు 2012లో అల్వారెజ్ కేసులో కొట్టేసింది. ఈ అల్వారెజ్ కాలిఫోర్నియాలో ఓ నీటి బోర్డు సభ్యుడు. అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని సభలో అబద్ధం చెప్పాడు. అది వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తుందన్నారు. 2013లో తెచ్చిన కొత్త చట్టం డబ్బో, ఆస్తో, మరో ప్రత్యక్ష లాభమో పొందాలని పతకాల గురించి అబద్ధమాడితేనే వర్తిస్తుంది.

డాలస్ ఓటరు:
శిక్ష సంగతి నేను అడగలేదండీ. కాగితం ఎలా వస్తుందో చెప్పండి. నేవీ, 1968 నుంచి 71.

సంజీవ్:
నేవీ అయితే కాలిపోయే ప్రసక్తే లేదు. 1973 జూలై 12 మంటల్లో పోయినవి ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు. అందులోనూ ఆర్మీవి 1960కి ముందు విడుదలైనవాళ్లవి.

రాధిక:
మీరు వాడుతున్న ఆన్‌లైన్ పద్ధతి సైనికుడికీ దగ్గరి బంధువులకీ. మీరు ఫోయా (అమెరికా సమాచార హక్కు చట్టం) కింద ఉత్తరం రాయండి. పూర్తి పేరు, దళం, సుమారు సేవా తేదీలు, తెలిస్తే పుట్టిన తేదీ పెట్టండి. నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్, 1 ఆర్కైవ్స్ డ్రైవ్, సెయింట్ లూయిస్, మిస్సోరి 63138. సంతకం లేకపోయినా సేవా తేదీలు, ర్యాంకు, పనిచేసిన చోట్లు, పతకాలు ఇస్తారు. ఏ రకం డిశ్చార్జో (గౌరవంగా విడుదలయ్యాడా లేదా) చెప్పరు. పేరొక్కటే రాస్తే ఆ పేరుతో ఇంకెంతమంది ఉన్నారోనని వెనక్కి పంపుతారు.

వచ్చాక పతకాల వరస చూడండి. నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్ ఆ రోజుల్లో అమెరికాలోనే ఉండి పనిచేసినవాళ్లకూ వచ్చింది. కాబట్టి వియత్నాం సర్వీస్ మెడల్ ఉందా అన్నదే అసలు ప్రశ్న. 'విదేశీ లేదా సముద్ర సేవ' అన్న అంకె చూసి మోసపోవద్దు, అది జపాన్ కావచ్చు, అట్లాంటిక్ కావచ్చు.

విజయ్:
కానీ 'వియత్నాం వెటరన్' వేరు, 'వియత్నాం కాలపు వెటరన్' వేరు. 1964 ఆగస్టు 5 నుంచి 1975 మే 7 దాకా ఎక్కడ పనిచేసినా రెండోది అవుతారు. కనెక్టికట్ రాజకీయ నాయకుడు బ్లూమెంథాల్ మెరైన్ రిజర్వులో (అవసరమైతే పిలిచే అదనపు దళంలో) చేసి 'వియత్నాంలో పనిచేశాను' అన్నది ఈ తేడా దగ్గరే. 2010లో బయటపడింది, అయినా సెనేట్‌కు గెలిచాడు.

రమణమూర్తి:
రిజర్వు వాళ్లను వెటరన్ అనడమే తప్పు. మాజీ సైనికుడంటే యాక్టివ్ డ్యూటీ (పూర్తికాల సైనిక సేవ) చేసినవాడే అని నా అభిప్రాయం.

విజయ్:
నేవీ వాణ్ణి సైనికుడు అనడమేంటండీ, నావికుడు అనాలి.

రమణమూర్తి:
మాట మార్చకండి. రిజర్వు గురించి చెప్పండి.

డాలస్ ఓటరు:
ఉత్తరం రాసేశాను, ఇవాళే పోస్టు చేస్తా. థాంక్స్ రాధిక గారూ.