'నేమింగ్ రైట్స్'కి తెలుగులో ఏ మాట వాడదాం?

ప్రశ్న: స్టేడియాలకు, మెట్రో స్టేషన్లకు కంపెనీలు డబ్బు కట్టి తమ పేరు పెట్టించుకుంటాయి కదా, ఆ నేమింగ్ రైట్స్‌ని తెలుగులో ఏమనాలి? 'నామకరణ హక్కులు' సరిపోతుందా?

ఇప్పటిదాకా జవాబిచ్చినవాళ్లలో ఎక్కువమంది సరిపోతుందనే అన్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. నామకరణం ఒక్కసారి జరిగేది. ఆ పేరు మనిషితో పాటు ఉండిపోతుంది, దానికి గడువు లేదు. కంపెనీలు కొనుక్కునేది అది కాదు. హ్యూస్టన్‌లోని బేస్‌బాల్ మైదానం సంగతే చూడండి. 30 ఏళ్లకు 10 కోట్ల డాలర్లని 1999లో ఒప్పందం రాసుకుని ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ తన పేరు పెట్టించుకుంది. 2001 చివర్లో ఆ కంపెనీ దివాలా తీసింది. 2002లో అక్కడ ఆడే ఆస్ట్రోస్ జట్టు, ఆ పేరు తీసేయించుకోవడానికి దాదాపు 21 లక్షల డాలర్లు ఎదురు కట్టాల్సి వచ్చింది. మయామిలోని బాస్కెట్‌బాల్ స్టేడియానికి ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీ పేరు 19 ఏళ్లు ఉండాలని 2021లో రాసుకున్నారు. రెండేళ్లు తిరక్కముందే ఆ కంపెనీ కూడా మునిగిపోయింది. కంపెనీ బాగున్నా పేరు అన్నివేళలా చెల్లదు: మ్యూనిక్‌లో అలియాంజ్ బీమా కంపెనీ పేరున్న అలియాంజ్ అరీనా 2024 యూరో ఫుట్‌బాల్ పోటీలు జరిగిన రోజుల్లో 'మ్యూనిక్ ఫుట్‌బాల్ అరీనా' అయింది, ఎందుకంటే ఆ పోటీల స్పాన్సర్లు వేరు.

గడువు ఉంది, ఏటా కట్టాల్సిన డబ్బు ఉంది, సొంతదారు వేరే ఉన్నాడు. ఇలాంటి ఏర్పాటుకి మనకు కౌలు అనే మాట ఎప్పటినుంచో ఉంది. కాబట్టి 'పేరు కౌలు' అందామని నా ప్రతిపాదన. వినగానే డబ్బు సంగతి, గడువు సంగతి తెలిసిపోతాయి. 'నామకరణ హక్కు' అంటే ఆ రెండూ కనపడకుండా పోతాయి, పైగా ఏదో శుభకార్యం జరిగినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒకావిడ మంచి అభ్యంతరం లేవనెత్తారు: హక్కు అన్న మాట వదిలేస్తే, కొండలకూ దేశాలకూ పేర్లు పెట్టే గొడవల గురించి ఎలా మాట్లాడతాం అని. వదిలేయమనడం లేదండీ. ఆ మాటను అక్కడి కోసమే దాచుకుందాం అంటున్నాను.

దెనాలి సంగతి తీసుకోండి. అమెరికాలోని అలాస్కాలో కొయుకాన్ ఆదివాసులు తరతరాలుగా ఆ కొండను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. 1896లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మెకిన్లీ పేరు దానికి పెట్టాడు. మెకిన్లీ అలాస్కాలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. 1917లో ఆ పేరే చట్టంలోకి ఎక్కింది. 1975లో అలాస్కా రాష్ట్రం తన వరకూ దెనాలి అనే ఖాయం చేసుకుని, కేంద్రాన్నీ అడిగింది. కేంద్రం ఒప్పుకోవడానికి 2015 దాకా పట్టింది. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ మళ్లీ మెకిన్లీ అన్నాడు. ఈ రెండు సందర్భాలకూ 'పేరు మార్చారు' అనే రాస్తే, జరిగిన రెండు వేర్వేరు పనులూ ఒకటే అయిపోతాయి. 2015లో జరిగింది మార్పు కాదు. అక్కడి జనం నోట్లో ఉన్న పేరును ప్రభుత్వం గుర్తించింది. 'పేరు గుర్తించారు' అని రాస్తే వాక్యం ఏమీ పెరగదు.

ఎవరెస్టు విషయంలోనైతే ఆ పేరుగల మనిషే వద్దన్నాడు. నా పేరు హిందీలో రాయడం కుదరదు, అక్కడివాళ్లు పలకలేరు అని ఒకప్పుడు భారత సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం చెప్పాడు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఖాయం చేసేసింది. టిబెట్ వైపు వాళ్లకు దానికి చోమోలుంగ్మా అనే పేరు అప్పటికే ఉంది.

సొంత పేరు పెట్టుకోవడానికి కూడా పొరుగుదేశం ఒప్పుకోవాల్సి వచ్చిన సంగతి మాసిడోనియాది. తమ ఉత్తర ప్రాంతం పేరు కూడా మాసిడోనియానే కాబట్టి గ్రీస్ అడ్డుపడింది. 1993లో ఐక్యరాజ్యసమితిలో చేరినప్పుడు ఆ దేశం 'మాజీ యుగోస్లావ్ రిపబ్లిక్ ఆఫ్ మాసిడోనియా' అనే తాత్కాలిక పేరుతో చేరింది. 2019లో గానీ 'ఉత్తర మాసిడోనియా'గా స్థిరపడలేదు. గ్రీస్ భయం అర్థం చేసుకోదగ్గదే అయినా, ఒక దేశాన్ని పాతికేళ్లకు పైగా 'మాజీ' అని పిలిపించడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇంకొక్క మాట, క్రియాపదాల గురించి. 'పేరు పెట్టారు' అంటే ఎవరు పెట్టారని అడగొచ్చు. 'పేరు పడింది' అంటే అడగడానికి ఎవరూ మిగలరు. 1918 నాటి జబ్బుకి 'స్పానిష్ ఫ్లూ అని పేరు పడింది' అంటాం. అది స్పెయిన్‌లో పుట్టిందనడానికి ఆధారం లేదు. యుద్ధంలో లేని దేశం కనక అక్కడి పత్రికలు జబ్బు గురించి దాచకుండా రాశాయి, పోరాడుతున్న దేశాల్లో సెన్సార్ ఆపేసింది. నిజం రాసినందుకు మచ్చ మిగిలింది. కొత్త జబ్బులకు ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. జబ్బుల విషయంలో 'పడింది' వాడే ముందు, పెట్టినవాళ్లు ఎవరో తెలిస్తే వాళ్లనే కర్తగా రాయండి.

ఒకే చోటికి రెండు పేర్లూ కలిపి రాసే జంట పేర్ల సంగతి ఇంకా తేలలేదు. ఆస్ట్రేలియాలోని ఒక పెద్ద రాతికొండను 1993లో 'ఏయర్స్ రాక్ / ఉలురు' అన్నారు, 2002లో వరస తిప్పి 'ఉలురు / ఏయర్స్ రాక్' చేశారు. నేనైతే తెలుగులో ఉలురు ఒక్కటే రాస్తాను. పత్రికల్లో పనిచేసేవాళ్లు మీ దగ్గర ఏ పద్ధతి నడుస్తోందో రాయండి.