168 సెంటీమీటర్ల ఎత్తుకి 17 అంగుళాల సైకిల్ ఫ్రేమా, 19 ఫ్రేమా?

వైజాగ్‌లో రోజూ సైకిల్ తొక్కేవాళ్లు కాస్త చెప్పండి. హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం) కొందామనుకుంటున్నా. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా ఆఫీసుకి, ఆదివారాలు బీచ్ రోడ్డు మీద రుషికొండ వరకు.

గోడకి ఆనుకుని, కాళ్ల మధ్య పుస్తకం పెట్టి కొలిస్తే లోపలి కాలు పొడవు 78 సెంటీమీటర్లు. సీటు ఎత్తుకి వాడే లెక్క ప్రకారం దాన్ని 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు (పెడళ్లు తిరిగే ఇరుసు) నుంచి సీటు పైకి దాదాపు 69 సెంటీమీటర్లు రావాలి. ఇక్కడిదాకా ఓకే.

షాపతను మాత్రం 19 అంగుళాలదే తీసుకోమంటున్నాడు, "సీటు దించేస్తే సరిపోద్ది సార్" అని. సీటు దిగుద్ది సరే, హ్యాండిల్ దగ్గరకి రాదు కదా! (ఆ సైజే స్టాకులో మిగిలిందేమో మరి.) దాని మీద ఒక రౌండు వేసేసరికి మోచేతులు బిగుసుకుపోయి అరచేతులు తిమ్మిరెక్కాయి. సిగ్నల్ దగ్గర కాలు దించితే పై రాడ్డు తగులుతోంది. 17లో రెండంగుళాల ఖాళీ ఉంది, చేతులూ హాయిగా ఉన్నాయి. కానీ సిరిపురం వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ఇరుకవుతుందేమోనని డౌటు.

17 తీసుకుని, అవసరమైతే పొడుగు స్టెమ్ (హ్యాండిల్‌ని ముందు ఫోర్కుకి కలిపే ముక్క) వేసుకోవడం నయమా? లేక 19కే పొట్టి స్టెమ్ వేస్తే ట్రాఫిక్‌లో హ్యాండిల్ మరీ తేలిగ్గా తిరిగిపోతుందా? నా ఎత్తువాళ్లు ఏది నడుపుతున్నారు?