పాత గది సమాధికి సిమెంటు పూసి గ్రానైట్ వేయించవచ్చా?

ప్రశ్న:
మాది బందరు దగ్గర పల్లెటూరు. సమాధుల తోటలో మా వాళ్లది పాత గది సమాధి ఉంది. ఇటుకా సున్నం కట్టుబడి, కింద నేలగది, పైన వంపు కప్పు. మా వాళ్లు నలుగురైదుగురు అందులోనే ఉన్నారని నాయనమ్మ చెప్పేది. పలక మీద తెలుగు అక్షరాలు సగం అరిగిపోయాయి, కప్పు సందులో రావి మొక్క మొలిచింది. నవంబరు 2న సమాధుల పండగలోపు సిమెంటు పూసి గ్రానైట్ అతికిద్దామని తమ్ముడు మేస్త్రీకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. నాకేమో మనసొప్పడం లేదు. వందేళ్లు దాటింది కదా, పురావస్తు శాఖ రక్షణ ఉంటుందా?

జవాబు:
గ్రానైటే మేలండీ. మా నాన్నగారి సమాధికి వేయించాం. పండగకి బకెట్ నీళ్లు పోసి కడిగితే చాలు.

జవాబు:
నాన్నగారిది కొత్త కట్టుబడి అయ్యుంటుంది, దీనితో పోలిక లేదు. పాత సున్నం నేల చెమ్మను పీల్చి బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి ఇటుక పొడైపోతుంది. మా ఊళ్లో ఒకదానికి ఇలాగే చేశారు. మూడో వానాకాలానికి సిమెంటు పెచ్చులు లేచి, ఇటుక పైపొరను కూడా ఊడదీసుకొచ్చాయి. గానుగ సున్నంతోనే (ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం) అతుకు వేయించండి. రావి మొక్కను పీకకండి, ఇటుకలతో సహా వస్తుంది. మొదట్లో కోసి, చిగురేసినప్పుడల్లా గిల్లేస్తూ, వేరు ఎండాక సందు పూడ్చాలి. నేలగది మాత్రం తెరవకండి, గాలాడని చోట ప్రాణానికే ముప్పు.

వయసుతోనే రక్షణ రాదు. 1958 కేంద్ర చట్టం కింద వందేళ్లు దాటిన కట్టడాన్ని ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటిస్తేనే (నోటిఫై చేస్తేనే) రక్షణ. బందరులోని డచ్చివాళ్ల సమాధులు, పులికాట్‌లోవి కేంద్ర రక్షణలో ఉన్నవే. రాష్ట్రానికి 1960 చట్టం ఉంది, అర్జీ పెట్టి చూడండి. నన్నడిగితే మీ పలకే ఎక్కువ అపురూపం. డచ్చి వర్తకుడి పేరు వాళ్ల కంపెనీ లెక్కల్లో దొరుకుతుంది. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పోయిన పల్లెటూరి మనిషికి చర్చి రిజిస్టరు లేకపోతే చాలాసార్లు ఆ రాయే దాఖలా. చీకటిపడ్డాక టార్చ్‌ను పలక పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి, అక్షరాలు లేస్తాయి. ఫొటోలు తీయండి. సుద్ద రుద్దొద్దు, ఇనుప బ్రష్, యాసిడ్ అసలే వద్దు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి తమ్ముడు టార్చ్ పట్టుకున్నాడు, నేను కూడబలుక్కుంటూ చదివాను. ఒక పేరు కింద 'మంత్రసాని' అని ఉంది! నాయనమ్మ ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడు మారుమాట్లాడకుండా మేస్త్రీకి ఫోన్ చేశాడు. అడ్వాన్స్ వెనక్కి రాదట, ఆ డబ్బుకి తోట ప్రహరీ బాగు చేయమన్నాం. బందరు చుట్టుపక్కల గానుగ సున్నం పని తెలిసినవాళ్లుంటే చెప్పండి, పండగ దాటినా ఫరవాలేదు.