పెళ్లి మాట ముందా, నా పని మాట ముందా?

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నాన్నగారు రిటైర్డ్ లెక్చరర్, అన్నయ్య డాక్టరు, వదిన ఇంజినీరు. నేను పేస్ట్రీ షెఫ్‌ని. చుట్టాలొస్తే అమ్మ "చిన్నది ఇంకా ఏదో నేర్చుకుంటోంది" అని మాట దాటేస్తుంది. ప్రాణం చివుక్కుమంటుంది.

ఎండాకాలం ఇక్కడ పఫ్ పేస్ట్రీ చేయడం మాటలు కాదండీ. వెన్న 32 డిగ్రీలు దాటితే కారిపోతుంది. మడత వేసిన ప్రతిసారీ పిండిని ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పొరలు విడవవు. ఓవెన్‌లో అవి పొంగి విచ్చుకుంటుంటే నా మీద నాకు నమ్మకం కుదురుతుంది.

మా కిచెన్‌కి ఛెనా (పాలు విరిచి తీసే పనీర్ లాంటిది) తెచ్చే ఒడియా అబ్బాయి, నేను ఇష్టపడ్డాం. సాల్ ఆకుల్లో పెట్టి ఛెనాపోడొ అనే ఒడియా మిఠాయి కాల్చడం నేర్పింది అతనే. నా పనికి విలువిచ్చిన మొదటి మనిషి కూడా. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద 30 రోజుల నోటీసుతో రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ నాన్నగారే పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలని నా కోరిక.

ముందు నా పనికి ఇంట్లోవాళ్లని ఒప్పించాలా, అతని సంగతి చెప్పాలా? రాయగడ, జయపురం, పర్లాకిమిడి వైపు ఇలా ఒప్పించుకున్నవాళ్లుంటే, ఇంట్లో మొదట ఎవరితో, ఎలా మాటెత్తారో దయచేసి చెప్పండి.