పిల్లల క్రోన్స్: అన్నం మానిపించి పౌడరే తాగించమన్నారు, ఎలా?

పలాస అమ్మ:
బాబుకి పదకొండేళ్లు. చాన్నాళ్లుగా కడుపునొప్పి, విరేచనాలు, నోట్లో పుళ్లు. నులిపురుగులన్నారు, గ్యాస్ అన్నారు. తోటి పిల్లలు పొడుగవుతుంటే వీడి నిక్కర్లు నడుం దగ్గర వదులైపోతున్నాయి. చివరికి విశాఖలో కొలనోస్కోపీ (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడడం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి క్రోన్స్ అని, అంటే పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బని తేల్చారు. ఇప్పుడు 8 వారాలు అన్నం బంద్, ఫార్ములా పౌడర్ కలుపుకుని తాగడమే అంటున్నారు. అన్నం లేకుండా బతుకుతాడా అని మా అత్తగారి గొడవ. ఎవరైనా చేశారా?

బొబ్బిలి నాన్న:
మా పాపకి చేశామండి. అత్తగారికి ఇలా చెప్పండి: అది పథ్యం కాదు, మందు. పేగు వాపు తగ్గించడంలో స్టెరాయిడ్లకి తీసిపోదు, పైగా ఎదుగుదలని దెబ్బతీయదు. కావలసిన మాంసకృత్తులు, విటమిన్లు అన్నీ అందులోనే ఉంటాయి. రోజుకెంత తాగాలో బరువు చూసి డైటీషియన్ లెక్క కట్టి ఇస్తారు.

మొదటి వారమే నరకం. గోరువెచ్చగా ఇస్తే వాసనకి వాంతి చేసుకునేది. ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, మూతున్న గ్లాసులో స్ట్రా వేసి ఇస్తే దిగింది. పోపు వాసన వస్తే ఏడుపు, అందుకని తను బడికెళ్లాకే మా వంట. ఎంతకీ తాగలేని పిల్లలకి ముక్కులోంచి సన్న గొట్టం వేస్తారు, భయపడకండి. పక్కింటివాళ్లు జాలిపడి బిస్కెట్ చేతిలో పెడతారు, అది కాచుకోవడమే అసలు పని.

చీపురుపల్లి వాసి:
టీబీ పరీక్ష అయిందా? పేగు టీబీ, క్రోన్స్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మావాడికి అది తేలేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ (క్రోన్స్‌కి పేగు వాపు తగ్గించే ఇంజెక్షన్) మొదలుపెట్టే ముందూ టీబీ లేదని చూసుకోవాల్సిందే. ఆ ఇంజెక్షన్ మొదట 0, 2, 6 వారాల్లో, తర్వాత మామూలుగా 8 వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. బయోసిమిలర్లు (దాదాపు అదే మందు, వేరే కంపెనీలవి) వచ్చాక ధర కొంత దిగింది.

నర్సక్క, శ్రీకాకుళం:
మలద్వారం దగ్గర గడ్డ, చీము ఉందేమో చూడండమ్మా. ఈ వయసు పిల్లలు సిగ్గుపడి చెప్పరు. అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మాత్ర) రాస్తే రక్తపరీక్షలు మానొద్దు. జ్వరానికి ఐబుప్రోఫెన్ వద్దు, పారాసెటమాల్ చాలు. కిడ్నీ జబ్బుల ఉద్దానం పక్కన ఉన్నవాళ్లం, నొప్పిబిళ్లల సంగతి మనకి వేరే చెప్పాలా! నొప్పి తగ్గింది కదా అని మందులు ఆపేయకండి, లోపల వాపు మిగిలే ఉండొచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుంటే పెరిగే ప్రొటీన్) పరీక్ష చేస్తే తెలుస్తుంది.

పలాస అమ్మ:
థాంక్సక్కా. 8 వారాలయ్యాక జీడిపప్పు పెట్టొచ్చా? మా ఇంట్లో అదే చిరుతిండి.

నర్సక్క, శ్రీకాకుళం:
ఎమ్మారై స్కాన్‌లో పేగు ఎక్కడైనా సన్నబడిందని రాశారా? రాస్తే జీడిపప్పులాంటివి, పీచు ఎక్కువున్నవి అక్కడ ఇరుక్కుంటాయి, పెట్టొద్దు. లేకపోతే మెత్తటి అన్నంతో మొదలెట్టి, ఒక్కోటీ కలుపుకుంటూ పోతారు. జీడిపప్పు వంతు వచ్చినప్పుడు డాక్టర్నే అడగండి.