గ్రెప్‌ని వేరే సిస్టమ్‌కి కాపీ చేస్తే డీఎల్ఎల్ దొరకలేదంటోంది, కాస్త చెప్పరా

అందరికీ నమస్తే అండీ. నా ల్యాప్‌టాప్ విండోస్ 10, గిట్ బాష్‌లో (విండోస్‌లో లినక్స్ తరహా కమాండ్లు కొట్టే విండో) గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికేది), సెడ్ (టెక్స్ట్ మార్చేది) అన్నీ బానే పనిచేస్తున్నాయి. మా అన్నయ్య షాపులో ఇంకో సిస్టమ్ ఉంది, దానికి నెట్ లేదు, పాత బిల్లుల టెక్స్ట్ ఫైళ్లు వేలల్లో ఉన్నాయి, వాటిల్లో వెతకడానికని గిట్ ఫోల్డర్‌లో యూఎస్ఆర్ లోపల బిన్ నుంచి గ్రెప్ ఈఎక్స్ఈ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లా. రన్ చేయగానే ఎంసిస్-2.0 డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన లైబ్రరీ ఫైల్) లేదని బాక్స్ వచ్చింది. సరే అని అది తెచ్చి పక్కనే పెట్టా, ఈసారి ఎంసిస్-ఇంటల్-8 లేదంది, అదీ తెస్తే ఎంసిస్-ఐకాన్వ్-2 అంది. ఇలా ఒక్కోదానికి ఇంటికీ షాపుకీ తిరగడం నావల్ల కావట్లేదు.

నా ల్యాప్‌టాప్‌లో గ్రెప్ మీద ఎల్‌డీడీ (ఏ డీఎల్ఎల్‌లు కావాలో చూపించే కమాండ్) కొట్టి చూశా, పెద్ద లిస్ట్ వచ్చింది, కొన్ని విండోస్ సిస్టమ్32లోవి, కొన్ని యూఎస్ఆర్ బిన్‌లోవి. ఈ రెండో రకం మాత్రమే కాపీ చేస్తే సరిపోతుందా? సిస్టమ్32వి ముట్టుకోకూడదనే అనుకుంటున్నా, కరెక్టేనా?

ఇంకోటి, ఇంతకుముందు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) ఒక స్క్రిప్ట్ కళ్లముందే ఉన్నా నో సచ్ ఫైల్ అనేది, తీరా చూస్తే నోట్‌ప్యాడ్‌లో రాయడం వల్ల మొదటి లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని అక్షరం చేరింది, దాన్ని తీసేసే డాస్‌టుయూనిక్స్ టూల్‌తో పోయింది. అందుకే ఈ మెసేజ్‌లని పైపైన నమ్మాలంటే భయంగా ఉంది.

డీఎల్ఎల్‌లు ఏవీ అక్కర్లేకుండా ఒక్క ఫైల్‌గా నడిచే గ్రెప్ ఏదైనా వాడుతుంటే పేరు చెప్పండి ప్లీజ్, ఆదివారం లోపు ఆ బిల్లులు తీయాలి.