‘మీ మధ్యనే’యా, ‘మీలోనే’యా?

హనుమకొండ సభ్యుడు:
లూకా 17:21 ఎప్పుడు తలచుకున్నా నా నోట ‘దేవుని రాజ్యము మీలోనే యున్నది’ అనే వస్తుంది. మన తెలుగు బైబిలులో మాత్రం ‘మీ మధ్యనే యున్నది’ అని ఉంది. ‘మీలోనే’ అన్న పాఠం అచ్చులో ఎవరైనా చూశారా, లేక అది ప్రసంగాలలో విన్న మాటేనా?

కాజీపేట సభ్యుడు:
మూలంలోని గ్రీకు మాట ‘ఎంతోస్’. కొత్త నిబంధనలో అది రెండే చోట్ల వస్తుంది. రెండవది మత్తయి 23:26లో గిన్నె లోపల శుద్ధి చేయమన్న చోట. ‘మధ్య’ అనదలచినప్పుడు లూకా వేరే మాట వాడతాడన్నది, బాలయేసు బోధకుల మధ్య కూర్చున్న ఘట్టం చూస్తే తెలుస్తుంది. కనుక నా ఓటు ‘మీలోనే’కు.

డోర్నకల్ సభ్యురాలు:
యేసు ఆ మాట ఎవరితో అన్నాడో కూడా చూడాలి కదా, సోదరా. రాజ్యం ఎప్పుడు వస్తుందని అడిగినవారు పరిసయ్యులు, ధర్మశాస్త్ర నిష్ఠ గల యూదుల వర్గంవారు. వారి అంతరంగం చెడుతనంతో నిండి ఉన్నదని 11వ అధ్యాయంలో అన్నవాడు, ఇప్పుడు అందులోనే రాజ్యం ఉందంటాడా? ఎదుట నిలిచిన తననే ఉద్దేశించి ‘మీ మధ్యనే’ అన్నాడు. మత్తయి 25లో నీతిమంతులు సైతం అల్పులలో ఆయనను గుర్తించక, ‘ప్రభువా, యెప్పుడు నీవు ఆకలిగొని యుండుట చూచి నీకాహారమిచ్చితిమి’ అనే అడిగారు. ఎదుటివారిలో చూడమన్న బోధను గుండె లోపలికి నెట్టి గడియ పెట్టడం నాకు సమ్మతం కాదు.

జనగామ మాస్టారు:
మా బమ్మెర పోతన ప్రహ్లాదుడు కూడా విరోధితోనే చెప్పాడమ్మా: ‘కలఁ డీశుండు గలండు తండ్రి! వెదకంగా నేల యీయాయెడన్’. ఆ ‘యీయాయెడన్’కూ, మన లూకా వచనంలోనే ఉన్న ‘ఇదిగో ఇక్కడనని, అదిగో అక్కడనని చెప్ప వీలుపడదు’ అన్న దానికీ ఎంత చుట్టరికమో చూడండి. వినేవాడు పగవాడైనంత మాత్రాన అతనిలో దేవుడు లేడనగలమా?

కాజీపేట సభ్యుడు:
పోతన దిగాడు కనుక ఇక ఈ చర్చ తెమలదు. అయినా మాస్టారూ, ప్రహ్లాదుని ఈశ్వరుడు సముద్రంలోనూ గాలిలోనూ ఉన్నాడు. ఆదికాండం తొలి అధ్యాయం నరుణ్ణి మాత్రమే దేవుని ‘స్వరూపమందు’ సృజించాడంటుంది. దాని పక్కనే ‘పోలిక’ అన్న మాట కూడా ఉంది. తండ్రి పోలిక ఉన్నవాడు తండ్రి కాడు కదా.

డోర్నకల్ సభ్యురాలు:
మొదటి కొరింథీ 3:16లో ‘దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడు’ అని ఉంది. ఆ ‘మీ’ మన్ననకు వాడింది కాదు. మన అనువాదం దేవుణ్ణి సైతం ‘నీవు’ అనే అంటుంది. గ్రీకులోనూ అక్కడ బహువచనమే. అంటే సంఘమంతా కలిసి ఒక ఆలయం.

హనుమకొండ సభ్యుడు:
‘మీలో ఎవడు’ అన్నప్పుడు ‘లో’కు ‘మధ్య’ అనే అర్థం కదా. అలాగైతే ‘మీలోనే’ అని ఉంటే ఇద్దరి వాదమూ నిలిచేది.

జనగామ మాస్టారు:
‘లో’ మీద ఇంత వాదించారు, చివరి ‘నే’ను ఎవరూ ముట్టలేదు. ‘మధ్య ఉంది’ అంటే కబురు. ‘మధ్యనే’ అంటే వెదుకులాటకు మందలింపు. పోతన ‘అందందే గలఁడు’లోనూ అదే ఏకారం.

కాజీపేట సభ్యుడు:
అది కంద పద్యం, మాస్టారూ. ‘అందందు గలఁడు’ అంటే ఒక మాత్ర తగ్గి గణం చెడుతుంది. ఆ ఏకారాన్ని తెచ్చింది ఛందస్సు.

జనగామ మాస్టారు:
గణానికి సరిపడే మాట పోతనకు ఇంకొకటి దొరకలేదంటారా?